అటక మీది పెట్టె కిందికి దిగాక

అమెరికాలో డెబ్భై దాటిన పెద్దాయన ఎవరి దగ్గరైనా బేస్‌బాల్ కార్డుల మాటెత్తితే ముందు ఒక నిట్టూర్పు వినిపిస్తుంది. ఆ వెంటనే "మా అమ్మ పారేసింది" అన్న ఫిర్యాదు వస్తుంది. కొడుకు కాలేజీకో సైన్యానికో వెళ్లగానే గది సర్దిన తల్లులు, మంచం కింది షూ పెట్టెల్ని చెత్తబండికి ఎత్తేశారు. అంతకు ముందు తరం కార్డులు రెండో ప్రపంచ యుద్ధకాలపు పాత కాగితాల సేకరణలో కలిసిపోయాయి. కంపెనీలూ తక్కువ తినలేదు. 1952లో అమ్ముడుపోకుండా మిగిలిన టాప్స్ కంపెనీ కార్డులు ఏళ్ల తరబడి గోదాములో పడున్నాయి. 1960లో వాటిని న్యూజెర్సీ తీరం నుంచి పడవ మీద తీసుకెళ్లి అట్లాంటిక్ సముద్రంలో గుమ్మరించారు. ఆ సెట్టును రూపొందించిన సై బెర్గరే దగ్గరుండి ఆ పని చేయించాడు. నీళ్లపాలైన వాటిలో 311వ నంబరువి, మిక్కీ మాంటిల్ అనే ఆటగాడి కార్డులు కూడా ఉన్నాయి. 2022 ఆగస్టులో అదే నంబరు కార్డు ఒక్కటి వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికింది.

ఇన్ని గండాలు గడిచి ఈనాటి దాకా బతికిన కార్డుకి ఇంకో గండం మిగిలే ఉంది. అది దాని యజమాని. మామగారి అటక మీద నుంచి దిగిన పెట్టె కావచ్చు, పక్కవీధి ఇంట్లో సామాన్లు అమ్మేస్తుంటే కొన్నది కావచ్చు, కార్డులు చేతికి రాగానే మనిషికి చేతులు ఊరుకోవు. తుడవాలనిపిస్తుంది, వంగిన మూల సరిచేయాలనిపిస్తుంది, ఆల్బమ్‌లో అంటించి నలుగురికీ చూపించాలనిపిస్తుంది. పాత కార్డులకు నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం ఎంతో, ముచ్చట వల్ల జరిగిన నష్టమూ అంత ఉంటుంది. అందుకే ఈ అధ్యాయంలో చేయాల్సిన పనులతో పాటు చేయకూడనివీ చాలా ఉన్నాయి.

ముందు వరస, తర్వాత ప్లాస్టిక్

పెట్టె దిగిన రోజునే దుకాణానికి పరుగెత్తి కవర్లు, ఆల్బమ్‌లు కొనేవాళ్లు ఎక్కువ. అది తొందరపాటు. ఏ కార్డులున్నాయో, ఏ కొలతవో తేలకుండా కొన్న సామగ్రిలో సగం పనికిరాదు. మొదట కావలసింది పెద్ద బల్ల, దాని మీద ఉతికి ఆరేసిన పొడి గుడ్డ, మంచి వెలుతురు, కాస్త తీరిక. కాఫీ కప్పు మాత్రం వేరే గదిలో ఉండాలి.

వరస పెట్టడంలో ఈ రంగానికి గురువు జెఫర్సన్ బర్డిక్. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో విద్యుత్ పరికరాలు బిగించే కార్మికుడు. కీళ్లవాతం పీడిస్తున్నా జీవితమంతా కార్డులు పోగేశాడు. పోగేయడంతో ఆగకుండా, అప్పటిదాకా ఎవరికీ తలా తోకా తెలియని ఆ అట్టముక్కల రాశికి ఒక పద్ధతి కనిపెట్టాడు. ఆటగాడిని బట్టి కాదు, ఆటను బట్టీ కాదు, కార్డు ఏ సరుకుతో పాటు వచ్చింది, ఏ కాలంలో వచ్చింది అన్నదాన్ని బట్టి విభజించాడు. పంతొమ్మిదో శతాబ్దపు పొగాకు కార్డులకు 'ఎన్', ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డులకు 'టి', తొలినాటి మిఠాయి కార్డులకు 'ఇ', 1930ల నుంచి వచ్చిన బబుల్‌గమ్ కార్డులకు 'ఆర్'. ప్రతి సెట్టుకూ ఒక సంఖ్య. ఈనాటికీ సేకర్తలు 1909 నుంచి 1911 దాకా వచ్చిన ప్రసిద్ధమైన పొగాకు కార్డుల్ని 'టి206' అనే పిలుస్తారు. ఆ పేరు బర్డిక్ జాబితాలో పడ్డ నంబరే.

1940లలో బర్డిక్ తన సేకరణను న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇస్తానన్నాడు. తీసుకుంటాం గానీ వరస పెట్టే బాధ్యత మీదేనని మ్యూజియం వాళ్లు చెప్పారు. ఆయన ఏళ్ల తరబడి అక్కడికి వచ్చి, వంకర్లు తిరిగిన వేళ్లతో ఒక్కొక్క కార్డునూ ఆల్బమ్‌లలో అంటించాడు. మొత్తం 3 లక్షలకు పైచిలుకు. వాటిలో బేస్‌బాల్ కార్డులే దాదాపు 30 వేలు. 1963 జనవరిలో ఆఖరి కార్డు అంటించడం పూర్తయింది. మార్చిలో ఆయన కన్నుమూశాడు.

ఆ ఓపికకు దండం పెట్టాల్సిందే. ఆయన వరసను అనుసరించాల్సిందే. ఆయన జిగురును మాత్రం ముట్టుకోకూడదు. అప్పట్లో మంచి ప్లాస్టిక్ పేజీలు లేవు, ఆయనకు వేరే దారీ లేదు. జిగురు పట్టిన కార్డు వెనకవైపు ముద్రణ పోతుంది, విలువా పోతుంది.

ఇంట్లో పని ఇలా మొదలవుతుంది. మొదట సెట్ల వారీగా గుట్టలు, ఆ తర్వాత ఒక్కో గుట్టలో నంబర్ల వరస. 1952 టాప్స్ సెట్టులో 407 కార్డులు. ఒక్కొక్కటి తీసి దాని చోటు వెతుక్కుంటూ కూర్చుంటే ఓపిక నశిస్తుంది. ముందు వందల వారీగా అయిదు గుట్టలు చేసి, వందలోంచి పదుల్ని, పదుల్లోంచి ఒకట్లను విడదీస్తే పని తొందరగా తెములుతుంది. కార్డును తక్కువసార్లు ముట్టుకున్నట్టూ అవుతుంది. టి206 కార్డులకు నంబర్లే లేవు. వాటిని ఆటగాడి ఇంటిపేరు అక్షరక్రమంలో పెట్టడం తేలిక. కొందరు వెనకవైపున్న సిగరెట్ ప్రకటనను బట్టి విడదీస్తారు. పీడ్‌మాంట్, స్వీట్ కాపొరల్ లాంటివి ఎక్కువగా దొరుకుతాయి, కొన్ని బ్రాండ్లు మహా అరుదు. బొమ్మ ఒకటే అయినా వెనకనున్న పేరును బట్టి ధర ఎన్నో రెట్లు మారిపోతుంది కాబట్టి ఈ పద్ధతిని తీసిపారేయడానికి లేదు.

జట్ల వారీగా పెట్టుకుందామనే వాళ్లకు ఒక చిక్కుంది. ఆటగాళ్లు జట్లు మారతారు, జట్లేమో ఊళ్లు మారతాయి. బ్రూక్లిన్ డాడ్జర్స్ 1958 నుంచి లాస్ ఏంజెలెస్ జట్టు. అది ఒక కట్టా, రెండు కట్టలా? ఏది ఎంచుకున్నా ఒక కాగితం మీద రాసి పెట్టెలో పెట్టుకుంటే, ఏడాది తర్వాత తీసి చూసినప్పుడు తికమక ఉండదు. ఒక్క ఆటగాడి కార్డులే దాచుకునేవాళ్లకు ఇంకో తంటా. జాకీ రాబిన్సన్ కార్డులు తీసుకుంటే 1949 బోమన్ కంపెనీ కార్డు వెడల్పు 2 అంగుళాల పైన ఇసుమంత, పొడవు రెండున్నర అంగుళాలు. 1952 టాప్స్ కార్డు వెడల్పు 2⅝, పొడవు 3¾ అంగుళాలు. లీఫ్ కంపెనీ కార్డుది ఈ రెండింటికీ మధ్య కొలత. ఇప్పుడందరూ ఎరిగిన రెండున్నర, మూడున్నర అంగుళాల కొలతకు టాప్స్ 1957లో గానీ రాలేదు.

ఈ కొలతల గొడవ తేలాకే దుకాణం గడప తొక్కాలి. తొమ్మిది అరల పేజీల్లో 1957 నుంచి వచ్చిన కార్డులే సరిగ్గా పడతాయి. 1952 నుంచి 1956 దాకా వచ్చిన టాప్స్ కార్డులకు ఎనిమిది అరల పేజీలు వేరే దొరుకుతాయి. పొగాకు కార్డులకు ఇంకా చిన్న అరలవి. పెద్ద కార్డును చిన్న అరలోకి దూరిస్తే మూలలు చితుకుతాయి. చిన్న కార్డును పెద్ద అరలో వదిలేస్తే పేజీ తిప్పినప్పుడల్లా అటూ ఇటూ జారుతూ అంచులు అరగదీసుకుంటుంది.

తొడుగులు, అరలు, పెట్టెలు

1970లు, 80లలో వచ్చిన ఆల్బమ్ పేజీలు చాలామటుకు మెత్తని పీవీసీవి. కొత్త రెయిన్‌కోటు విప్పినప్పుడు వచ్చే లాంటి ఘాటు వాసన వస్తే, వేలికి జిడ్డుగా తగిలితే అవి పీవీసీవని దాదాపు తేల్చుకోవచ్చు. ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపిన రసాయనం కాలం గడిచేకొద్దీ పైకి ఊరుతుంది. కార్డు పైపూతను పట్టుకుంటుంది. విడదీయబోతే ఆటగాడి ముఖం ప్లాస్టిక్‌తో పాటు ఊడొస్తుంది. అలాంటి పేజీల్లో ఉన్న కార్డుల్ని లాగకుండా, పేజీ అంచును కత్తెరతో తెరిచి మెల్లగా బయటికి తీయాలి. కొత్తవి కొనేటప్పుడు అట్ట మీద పాలీప్రొపిలీన్, పాలిథిలీన్, పాలియెస్టర్ అన్న మూడింటిలో ఏదో ఒకటి ఉందా అని చూసుకుంటే చాలు.

పేజీల్ని పెట్టే ఫైలు సంగతి చిన్నదే అయినా చాలామంది అక్కడే దెబ్బతింటారు. గుండ్రని రింగులున్న ఫైలులో మొదటి, చివరి పేజీలు రింగు వంపు మీద ఒరిగి, లోపలి వరస కార్డుల మీద నొక్కు పడుతుంది. ఒకవైపు నిటారుగా ఉండే 'డి' ఆకారపు రింగుల్లో ఆ బాధ లేదు. ఫైలును కూరి నింపకూడదు. అలమరలో పుస్తకంలా నిలబెట్టాలే తప్ప ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు.

విలువైన కార్డుకి రెండు తొడుగులు కావాలి. లోపల పల్చని కవరు, అమెరికా సేకర్తలు దాన్ని పెన్నీ స్లీవ్ అంటారు. దాని పైన టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగు. పల్చని కవరు లేకుండా గట్టి తొడుగులోకి నేరుగా దింపితే కార్డు మీద గీతలు పడతాయి. దింపే పని నిదానంగా జరగాలి. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. నూలు గ్లవుజులు వద్దు, వాటి పోగులు మూలలకు తగులుకుంటాయి. కార్డును రెండు పక్క అంచుల దగ్గర పట్టుకుని, కవరు నోరు కాస్త ఒత్తి గుండ్రంగా తెరిచి, నిటారుగా జారవిడవాలి. మూల కవరు అతుకుకి తగిలిందంటే అక్కడికక్కడే ఆగాలి. ఇంకాస్త నెట్టితే అరవై ఏళ్లుగా పదునుగా నిలిచిన మూల ఒక్క క్షణంలో మెత్తబడుతుంది. 1971 టాప్స్ కార్డులకు నల్ల అంచులు. వాటి మీద ఏ చిన్న పెచ్చు ఊడినా తెల్లగా బయటపడుతుంది కాబట్టి వాటి విషయంలో జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

తొడుగు నోటికి మామూలు టేపు వేయడం మరో పొరపాటు. విప్పేటప్పుడు టేపు కార్డుకి అంటుకుంటుంది, ఆ జిగురు మరక ఇక పోదు. రబ్బరు బ్యాండ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కట్టలో పైదానికీ కిందిదానికీ అంచున గాటు పడుతుంది, రబ్బరు ఎండి కరిగి కార్డుకి పట్టేస్తుంది. పాత పెట్టెల్లో రెండు పక్కలా సరిగ్గా ఒకేచోట నొక్కు ఉన్న కార్డు కనబడితే కారణం వెతకనక్కర్లేదు.

అంత విలువ లేని, లెక్కకు ఎక్కువున్న కార్డులకు పొడుగాటి అట్టపెట్టెలు హాయి. ఎనిమిది వందలు పట్టేవీ, అయిదు వేలు పట్టేవీ దొరుకుతాయి. అయిదు వేల పెట్టె చూడటానికి పొదుపుగా ఉంటుంది గానీ నిండాక ఎత్తాలంటే నడుం పట్టేస్తుంది. చిన్న పెట్టెలే నయం. పెట్టె పూర్తిగా నిండకపోతే ఖాళీలో కాగితం ఉండ కాకుండా అట్టముక్క పెట్టాలి. లేకపోతే కార్డులు ఒరిగి వంగిపోతాయి.

ఇక పెట్టెను ఎక్కడ ఉంచాలి? అటక మీద వద్దు, నేలమాళిగలో వద్దు, గ్యారేజీలో అసలే వద్దు. టెక్సాస్ ఎండాకాలంలో అటక వేడి 50 డిగ్రీల సెల్సియస్ సునాయాసంగా దాటుతుంది. నేలమాళిగకు తేమ, పైపులు పగిలి నీళ్లొచ్చే ప్రమాదం. మనుషులు సుఖంగా ఉండే గదే కార్డులకూ మంచిది. 18 నుంచి 21 డిగ్రీల వేడి, 40 నుంచి 50 శాతం తేమ ఉంటే చాలు. అంకెల కంటే నిలకడ ముఖ్యం. కాగితం తేమకు ఉబ్బి ఆరితే ముడుచుకుంటుంది, రోజూ అదే తంతైతే కార్డు విల్లులా వంగుతుంది. తేమ కొలిచే చిన్న మీటరును అలమరలో పెట్టుకుంటే ఊహాగానాలు తప్పుతాయి. బయటి గోడకు, స్నానాలగది గోడకు ఆనుకున్న అలమర పనికిరాదు. అడుగు అర కూడా నేలకు జానెడు పైనుంటే మంచిది.

డాలస్, న్యూజెర్సీల్లో ఇళ్లు కట్టుకున్న తెలుగువాళ్లు ఊరి నుంచి మోసుకెళ్లిన అలవాటు ఒకటుంది. బీరువా అనగానే కలరా ఉండలు వేయడం. పట్టుచీరలకు అది పనికొస్తుందేమో గానీ కార్డులకు కూడదు. ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, వాసన అట్టలో ఇంకి ఏళ్లు గడిచినా వదలదు. పురుగుల భయం ఉంటే గది శుభ్రంగా ఉంచుకోవడం, పెట్టెకు మూత పెట్టడం చాలు. కార్డుల్ని సర్దుకుని తిరిగి విశాఖకో కాకినాడకో వచ్చేసేవాళ్లు సముద్రపు తేమను లెక్కలో వేసుకుని, మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వాటిని ఎప్పటికప్పుడు మారుస్తుండాలి. నిప్పుకు కాలని ఇనప్పెట్టెలు కొనేవాళ్లకూ ఇదే మాట. చాలావాటిలో లోపల తేమ చేరుతుంది.

ఇష్టమైన కార్డును ఫ్రేము కట్టి గోడకు తగిలించాలన్న కోరిక సహజమే. ఎండ పొద్దు తగలని గోడ, అతినీలలోహిత కిరణాల్ని ఆపే అద్దం రెండూ ఉంటేనే ఆ సాహసం. 1880లలో వచ్చిన ఓల్డ్ జడ్జ్ కార్డుల విషయంలో అదీ వద్దు. అవి అచ్చువేసిన బొమ్మలు కావు, అట్ట మీద అంటించిన నిజమైన ఫొటోలు. వెలుతురుకి అవి పాలిపోతాయి. గోడ మీదికి రంగుల నకలు తీయించుకుని అసలును చీకట్లో ఉంచినా చూసేవాళ్లకు లోటేమీ ఉండదు.

కత్తెర జోలికి పోకుండా

బేస్‌బాల్ కార్డులన్నిట్లో పేరుమోసింది టి206 సెట్టులోని హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు. ఉన్నవే కొద్ది. వాటిలో ఒకటి చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేంత కొత్తగా ఉండేది. పదునైన మూలలు, తిన్నని అంచులు. 1991లో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్స్‌కీ, మరొక భాగస్వామి కలిసి దాన్ని 4 లక్షల 51 వేల డాలర్లకు కొన్నారు. కార్డుల స్థితిని పరీక్షించి 1 నుంచి 10 దాకా మార్కులిచ్చే పీఎస్‌ఏ సంస్థ అదే ఏడాది పుట్టింది. మొట్టమొదట పరీక్షించినది ఈ కార్డునే. ఇచ్చిన మార్కు 8. అంత బాగుండటం మీద సేకర్తల్లో గుసగుసలు ఏళ్ల తరబడి నడిచాయి. 2013లో వేలందారు బిల్ మాస్ట్రో కోర్టులో నేరం ఒప్పుకుంటూ, ఆ కార్డు అంచులు కత్తిరించింది తానేనని చెప్పాడు. తర్వాత అతనికి జైలుశిక్ష కూడా పడింది. విచిత్రమేమిటంటే ఆ కార్డు గ్లామర్ మాత్రం తగ్గలేదు, అపఖ్యాతి కూడా దానికి ఒక ఆభరణమే అయింది. మామూలు ఇంట్లోని 1955 కార్డుకు ఆ అదృష్టం పట్టదు. అంచు కత్తిరించినట్టు, రంగు పూసినట్టు తేలితే దానికి మార్కులుండవు, 'మార్చిన కార్డు' అన్న ముద్రే మిగులుతుంది.

కాబట్టి రబ్బరుతో పెన్సిలు గీత చెరపడం, తడిగుడ్డతో తుడవడం, వంగిన మూలను చెంచాతో నొక్కడం ఏదీ వద్దు. పాత టాప్స్ ప్యాకెట్లలో కార్డులతో పాటు బబుల్‌గమ్ ముక్క ఒకటుండేది. దానికి ఆనుకున్న కార్డు మీద గోధుమరంగు మరక నీళ్లు చల్లినట్టు పాకి ఉంటుంది. కాగితపు రేపరు మైనం కూడా అలాగే అంటేది. మైనం మరకను నైలాన్ మేజోడుతో రుద్దే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. చవకరకం కార్డు మీద సరదాకి చేసి చూడొచ్చేమో. మంచి కార్డు మీద మరక కూడా దాని చరిత్రే, అలాగే వదిలేయాలి.

వదిలేయడం వల్ల ఎంత మేలో ఓహైయోలోని డిఫయన్స్ ఊళ్లో ఒక ఇల్లు చూపించింది. 2012లో ఒక కుటుంబం పెద్దల ఇంటి అటక ఖాళీ చేస్తుంటే అట్టపెట్టె దొరికింది. అందులో 1910 ప్రాంతపు మిఠాయి కార్డులు సుమారు ఏడు వందలు, ట్వైన్ దారంతో కట్టి ఉన్నాయి. శతాబ్దం పాటు ఎవరూ వాటిని విప్పలేదు, సర్దలేదు, మెరుగుపెట్టలేదు. అదే ఏడాది బాల్టిమోర్ వేలంలో మొదటి విడతగా పెట్టిన 37 కార్డులకే 5 లక్షల 66 వేల డాలర్లు వచ్చాయి. అటక మీద పెట్టమని దీని అర్థం కాదు. ఆ ఇంటి అటక అదృష్టవశాత్తూ కాపాడింది, వందలో తొంభై అటకలు కాపాడవు. అక్కడ కార్డులకు కలిసొచ్చినవి చీకటి, బిగుతైన కట్ట, మనిషి చెయ్యి తగలకపోవడం.

మార్కులకు పంపాలా వద్దా అన్న ప్రశ్న ప్రతి సేకర్తకూ వస్తుంది. పీఎస్‌ఏ, ఎస్‌జీసీ, బెకెట్ లాంటి సంస్థలు రుసుము తీసుకుని కార్డును పరీక్షించి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇస్తాయి. రుసుము, పోస్టు, బీమా ఖర్చులు కలిపి కార్డు ధరలో సగం దాటుతుంటే పంపడం దండగ. అమ్మే ఉద్దేశం ఉన్నవి, దొంగ నకళ్లు ఎక్కువ తిరిగేవి మాత్రం పంపడమే మేలు. ఆ మూసిన పెట్టెలోకి కూడా నీళ్లు చొరబడతాయి, అది కాపలా గదేమీ కాదు.

1980ల చివరి నుంచి 1990ల మొదటి దాకా కంపెనీలు కార్డుల్ని లెక్కా పత్రం లేకుండా ముద్రించాయి. చెక్క అంచు బొమ్మ ఉన్న 1987 టాప్స్ కార్డులు అమెరికాలో ఏ ఇంట చూసినా డబ్బాల కొద్దీ ఉంటాయి. వాటికి ఖరీదైన తొడుగులు వేయడం కార్డు కన్నా కవరుకు ఎక్కువ పెట్టడమే. మంచివి నాలుగు ఏరుకుని, మిగతావి ఇరుగుపొరుగు పిల్లలకు పంచేస్తే అలమర ఖాళీ అవుతుంది.

జాబితా లేని సేకరణ దొంగతనం జరిగినా, నిప్పంటుకున్నా బీమా సంస్థ ముందు నోరెత్తలేదు. సంవత్సరం, కంపెనీ, నంబరు, ఆటగాడు, స్థితి, కొన్న ధర, కొన్న తేదీ, ఏ పెట్టెలో ఉందో ఆ పెట్టె నంబరు, ఇంతే కావాలి. ఎక్సెల్ షీటు చాలు. ఖరీదైన ప్రతి కార్డుకూ ముందు, వెనక ఫొటోలు తీసి, షీటుతో పాటు ఇంటి బయట ఇంకోచోట కూడా ఒక కాపీ ఉంచాలి. మామూలు ఇంటి బీమాలో సేకరణ వస్తువులకు పరిమితి చాలా తక్కువగా ఉంటుంది. దానికి వేరే పాలసీ కావాలో లేదో ఏజెంటును ముందే అడగాలి. తన వద్ద లేని కార్డు ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్లకు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1887 నుంచి 1914 దాకా వచ్చిన సుమారు 2,100 కార్డుల్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. కవి కార్ల్ శాండ్‌బర్గ్ ద్వారా 1954లో ఆ సేకరణ అక్కడికి చేరింది.

జాబితాతో పాటు ఒక చిన్న ఉత్తరం కూడా రాసి పెట్టెలో ఉంచడం మంచిది. ఏ పెట్టెలోవి విలువైనవి, ఏవి పిల్లలకు ఇచ్చేయొచ్చు, అమ్మాల్సివస్తే ఇద్దరు ముగ్గురు వ్యాపారుల్ని అడగాలి తప్ప మొదట వచ్చినవాడికి మొత్తం అప్పగించొద్దు, ఇనప్పెట్టె తాళం ఎక్కడుంది, ఇవన్నీ అందులో ఉండాలి. ఇంట్లో ఆటంటే ఆసక్తి లేని మనిషికి కూడా అర్థమయ్యేలా రాయాలి. ఆ ఉత్తరం చదివేది చాలాసార్లు ఆ మనిషే.